కవరు మిగిలె, జాబు పోయె

పాత దండయాత్రలనాటి సైనికుల తపాలాను సేకరించుట గౌరవప్రదమైన వినోదముగా నెన్నబడుచున్నది. వినోదము తప్పని నేననను. అందు జరుగుచున్న యన్యాయమును మాత్రము చెప్పక తీరదు.

1900లో చైనాకు పంపిన సేనలకొఱకు భారత తపాలాబిళ్ళలపై సి.ఇ.ఎఫ్. అనియు, 1914లో సముద్రము దాటిన సేనలకొఱకు ఐ.ఇ.ఎఫ్. అనియు అక్షరములు ముద్రించిరి. ఆ బిళ్ళయు, దానిపై బడిన తపాలాముద్రయు చక్కగా నున్నచో సేకరించువారు వెలకు వెనుదీయరు. లోపలి జాబేమైనదని యడుగువారు మాత్రమరుదు.

“ముద్రయే చరిత్ర చెప్పును గదా” యని వారందురు. నిజమే. తావు శత్రువునకు తెలియకుండుటకై ముద్రలలో ఊరిపేరునకు బదులు అంకెలు వేసిరి. వానినిబట్టి ఏ దళమేనాడెచట నుండెనో కనుగొనుట గొప్ప విద్యయే. కాని దళము నడచిన దారి తెలిసినంతమాత్రమున, నడచినవాని గుండెకోత తెలియునా?

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులోని మన సిపాయిల జాబులను దొరతనమువారు విప్పి చదివించి, కొన్ని భాగములను ఇంగ్లీషు చేయించి యుంచిరి. అవి నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో గలవు. మూలములు చాలవఱకు కానరావు. అనుమానముతో చదివినవాడు మాటను దాచెను. అభిమానముతో సేకరించువాడు మాటను విడిచిపెట్టుచున్నాడు! ఇంతకు మించిన విపరీతమున్నదా?

ఇది పరాయివారి సంగతి యనుకొనరాదు. పదునెనిమిదవ శతాబ్దమున బంగాళమున కంపెనీ సిపాయిని ‘తిలంగా’ యనిరి. ఆ పేరు మన సీమనుండి పోయినదే. బర్మాపై జరిగిన మూడు యుద్ధములకును మదరాసు దళములు పోయెను. హైదరాబాదు లాన్సర్లు 1914 మొదలు సూయెజు కాలువకడను, పిమ్మట పాలస్తీనాలోను పనిచేసిరి. 1922లో ఢిల్లీలో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహములలో నొకటి వారి గుర్తే.

ఆనాటి సిపాయిలలో అక్షరము రానివారు పెక్కండ్రు. ఒకడు చెప్పగా మఱొకడు వ్రాసెను; ఇంటికడ తల్లియో భార్యయో పరాయినోట చదివించుకొని విన్నది. స్త్రీకి చదువెందుకను వారికి ఆ జాబొక్కటి చాలదా జవాబు?

ఇక మన ఉప్పల్, నాచారములను చూడుడు. పాత యిండ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపునపుడు తాతలనాటి ట్రంకుపెట్టెలు దులిపి, బిళ్ళలు కత్తిరించి పిల్లల ఆల్బములకిచ్చి, జాబులను కిలోల లెక్కను పాత కాగితములవానికి వేయుచున్నాము. ఇరుగుననే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ కలదు; అందు షాజహాను కాలపు కాగితములు భద్రముగా నున్నవి. చక్రవర్తి కాగితమునకు బీరువా, సిపాయి కాగితమునకు తక్కెడ!

చదువరులారా! బిళ్ళను కత్తిరింపకుడు. జాబును కవరునుండి వేఱుచేయకుడు. వ్రాసినవాడెవడో, ఏ యూరివాడో, ఎవరికి వ్రాసెనో ఒక చీటిపై వ్రాసి దానితో నుంచుడు. సేకరించువారు జాబులేని కవరునకు సగము వెలయే కట్టుదురు గాక. అప్పుడు అమ్మువాడే జాబును కాపాడును.