తలుపు తట్టేది పోలీసే, కంగారు పడకండి

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాల్లో, వేసవి వస్తే అమ్మానాన్నలో అత్తమామలో దిగని ఇల్లు తక్కువ. వచ్చిన వాళ్లకి పార్కు దారి, పర్షియన్ డ్రైవ్‌లోని గుడి దారి, కూరగాయల కొట్టు దారి ఓపిగ్గా చూపిస్తాం. అత్యవసర నంబరు 911 సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తాం: "ఏదైనా అయితే ఈ నంబరు కొట్టండి." కొడితే ఎవరొస్తారో చెప్పం. ఈ ఊళ్లో తప్పకుండా చెప్పాల్సింది అదే. గుండెలో నొప్పి అని ఫోను చేస్తే, అంబులెన్సు కంటే ముందు గుమ్మంలో నిలబడేది నడుముకి తుపాకీ కట్టుకున్న పోలీసు ఆఫీసరు కావచ్చు.

ఊరి నుంచి వచ్చిన పెద్దాయనకి అప్పుడు నొప్పి కంటే భయమే ఎక్కువవుతుంది. "పోలీసులెందుకొచ్చారు? చుట్టుపక్కల వాళ్లు ఏమనుకుంటారు?" పోలీసు గడప తొక్కితే పరువు పోయినట్టే అనుకున్న తరం అది. వాళ్ల అనుభవం వాళ్లది, తప్పు పట్టలేం. కానీ ఆ వచ్చిన మనిషికి గుండె ఆగిన వాళ్లకి సీపీఆర్ చేయడం వచ్చు, ఏఈడీ అనే పరికరంతో గుండెకి షాక్ ఇవ్వడం వచ్చు, అవసరమైతే మంటల్లోకి వెళ్లి మనిషిని బయటికి మోసుకు రావడమూ వచ్చు.

సన్నీవేల్‌లో పోలీసు శాఖ, అగ్నిమాపక శాఖ అని వేరువేరుగా లేవు. 1950 నుంచి రెండూ కలిసి ఒకటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ. ఇందులో చేరినవాళ్లు పోలీసు అకాడమీ, ఫైర్ అకాడమీ, అత్యవసర వైద్యంలో ఈఎంటీ శిక్షణ, మూడూ పూర్తి చేయాలి. కాలిఫోర్నియాలో పోలీసు ప్రాథమిక శిక్షణ ఒక్కటే తక్కువలో తక్కువ 664 గంటలు. ఆ తర్వాత అనుభవమున్న వాళ్ల వెంట తిరిగి పని నేర్చుకోవాలి. ఒంటరిగా డ్యూటీ ఎక్కేసరికి ఏడాది దాటుతుంది. అక్కడి నుంచి కొంతకాలం గస్తీ కారులో, కొంతకాలం ఫైర్ స్టేషన్‌లో ఇరవై నాలుగు గంటల షిఫ్టుల్లో పని. కారులో తిరిగేవాళ్ల డిక్కీలో మంటల్లోకి వెళ్లే కోటు, హెల్మెట్ ఉంటాయి. ఎక్కడైనా ఇల్లు అంటుకుంటే అక్కడికి చేరుకుని, రోడ్డు పక్కనే అవి తొడుక్కుని, ఫైరింజన్ వాళ్లతో కలుస్తారు. పొద్దున ఎల్ కమీనో రోడ్డు మీద మీకు స్పీడింగ్ టికెట్ రాసిన మనిషే మధ్యాహ్నం మీ పక్కింటి వంటగదిలో మంట ఆర్పుతూ కనిపించవచ్చు. టికెట్ మాత్రం రద్దవదు!

1950లో ఈ ఊరి జనాభా 10,000 లోపే. ఆప్రికాట్, చెర్రీ తోటలు, పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు. నిప్పంటుకుంటే ఊరివాళ్లే స్వచ్ఛందంగా పరుగెత్తేవారు. జీతమిచ్చి అగ్నిమాపక సిబ్బందిని పెట్టుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు, రెండు శాఖలెందుకు, ఒకటే పెడదామనుకున్నారు. పదేళ్లలో జనాభా 52,000 దాటింది. లాక్‌హీడ్ కంపెనీ వచ్చింది, తోటలు పోయాయి, మనం వచ్చాం. ఇప్పుడు లక్షన్నర పైమాటే, పద్ధతి మాత్రం అదే. పాతుకుపోయిన శాఖలు లేని చోట మొదలైంది కాబట్టే నిలబడిందని నా అనుకోలు. మిచిగన్‌లోని కలమజూ 1982లో ఉన్న రెండు శాఖలనీ కలిపింది. అది ఇంకా కష్టమైన పని.

దీన్ని వ్యతిరేకించేవాళ్లున్నారు, వాళ్ల మాట తీసి పారేసేది కాదు. అగ్నిమాపక సిబ్బంది సంఘాలు మొదటి నుంచీ అంటున్నది ఒకటే: ఈ పనుల్లో ఏ ఒక్కటి బాగా పట్టుబడాలన్నా ఒక జీవితం కావాలి, మూడూ ఒకే మనిషి నెత్తిన పెడితే ఏదీ పూర్తిగా అబ్బదు. ఏడాదిపాటు గొట్టం పట్టని చెయ్యి తడబడదా? కాల్పులూ అగ్నిప్రమాదమూ ఒకేసారి జరిగితే ఎటు వెళ్లాలి? ప్రశ్నలు న్యాయమైనవే. అయినా నేను ఈ పద్ధతి వైపే మొగ్గుతాను. అమెరికాలో అగ్నిమాపక శాఖలకి వచ్చే పిలుపుల్లో సుమారు మూడింట రెండు వంతులు మంటల గురించి కావు, మనుషుల ఆరోగ్యం గురించి. గుండె ఆగినప్పుడు సీపీఆర్, షాక్ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. స్టేషన్‌లోంచి బయల్దేరే బండి కంటే పక్క వీధిలో తిరుగుతున్న కారు ముందొస్తుంది. ఆ కారులో ఉన్నది వైద్యం రాని పోలీసైతే, ఆ ముందు రావడం వల్ల ఒరిగేది తక్కువ.

నాకున్న అసలు అనుమానం వేరే. మంట ఆర్పడానికి వచ్చినవాళ్లకి తలుపులన్నీ బార్లా తెరుస్తాం. పోలీసుకి అలా తెరవం. ఇద్దరూ ఒకరే అయితే? చట్టం దీన్ని కొంత ఆలోచించింది. మండుతున్న ఇంట్లోకి రావడానికి వారెంటు అక్కర్లేదనీ, మంట ఆరి సిబ్బంది వెళ్లిపోయాక మళ్లీ వచ్చి సోదా చేయాలంటే మాత్రం కావాలనీ మిచిగన్ వర్సెస్ టైలర్ కేసులో 1978లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఈ ఊరి శాఖ ఎప్పుడూ కాపాడుకోవాల్సింది జనం తలుపు తెరిచే ఆ నమ్మకాన్నే.

మన సంగతికొస్తే, దక్షిణాసియా వాళ్లకి గుండె జబ్బు ముప్పు ఎక్కువ. పక్కనే మౌంటెన్ వ్యూలో ఎల్ కమీనో హాస్పిటల్ వాళ్లు సౌత్ ఏషియన్ హార్ట్ సెంటర్ పెట్టింది అందుకే. మనవాళ్లేమో గ్యాస్ పట్టిందని వాము నమిలి, సోడా తాగి, గంట చూసి, చివరికి కొడుకు కారులో బయల్దేరతారు. సిగ్నల్ దగ్గర గుండె ఆగితే స్టీరింగ్ పట్టుకున్న కొడుకు ఏం చేయగలడు? అంబులెన్సు బిల్లు భయం ఉత్తిదేమీ కాదు. కానీ ఆ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.

ఇదంతా పెద్దవాళ్లకి చెప్పడానికి మన ఊళ్లలోని 108 అంబులెన్సు నంబరు మంచి దారి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పుడు వైద్యం, పోలీసు, అగ్నిమాపకం మూడింటికీ ఒకే నంబరుగానే వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు అంబులెన్సు సైరన్‌ని అనుకరిస్తూ అన్న 'కుయ్ కుయ్' తెలియనివాళ్లెవరు? అక్కడ నంబరు ఒకటి, వచ్చేవాళ్లు వేరు. ఇక్కడ వచ్చేవాళ్లూ ఒకరే అని చెబితే ఇట్టే అర్థమవుతుంది.

ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అనమనండి. దుబాసీని లైన్లోకి తెచ్చే ఏర్పాటు చాలా 911 కేంద్రాల్లో ఉంది. ఇంటి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, పక్కనే వాళ్లు వేసుకునే మందుల పేర్లు. అపార్టుమెంటైతే గేటు కోడ్ కూడా రాయండి. ఆఫీసరు లోపలికి వచ్చాక పాస్‌పోర్టు కోసం బీరువా వెతకొద్దని చెప్పండి. ఆయన అడిగేది నొప్పి ఎప్పుడు మొదలైందని, అంతే.