కృష్ణా డెల్టా: చేరువ జలాలు, సకాల సాగు

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: కృష్ణా డెల్టా నీటి సమస్యను టీఎంసీల లెక్కలలో చర్చించడం పరిపాటి. బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకు 181.20 టీఎంసీలు కేటాయించింది. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టుకు ఈ నీటిని పంచి చూస్తే ఒక్కొక్క టీఎంసీపై దాదాపు ఏడు వేల ఎకరాలు ఆధారపడి ఉన్నట్లు తేలుతుంది. అయితే డెల్టా రైతును నష్టపరుస్తున్నది నీటి పరిమాణం ఒక్కటే కాదు. ఆ నీరు కాలువకు చేరే తేదీ కూడా. పట్టిసీమ, పులిచింతల వంటి చేరువ జలవనరుల ప్రాధాన్యాన్ని ఈ కోణం నుంచి పరిశీలించవలసి ఉన్నది.

ఎగువన నిండితేనే దిగువకు

1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన నాటికి ఎగువన భారీ జలాశయాలు లేవు. తొలకరి వరద నేరుగా కాలువలకు అందేది. ఆనకట్ట స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ నిల్వ సామర్థ్యం సుమారు 3 టీఎంసీలు మాత్రమే. అది నీటిని మళ్లించే కట్టడమే గాని నిల్వ చేసే జలాశయం కాదు. కాలక్రమంలో ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ వెలిశాయి. ఇప్పుడు పశ్చిమ కనుమల వరద ఈ జలాశయాలన్నింటినీ దాటుకొని డెల్టాకు చేరేసరికి తరచుగా ఆగస్టు నెల గడుస్తున్నది. 2023 వంటి లోటు సంవత్సరాలలో శ్రీశైలమే నిండలేదు. మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. ఇంతటి అనిశ్చితి గల నదిని మాత్రమే నమ్ముకొని నారుమళ్లకు తేదీ నిర్ణయించడం సాధ్యం కాదు.

నెల ఆలస్యానికి మూల్యం

డెల్టాలో విస్తారంగా పండే సాంబ మసూరి పంటకాలం సుమారు 150 రోజులు. జూన్ మధ్యలో నారు పోస్తే నవంబరు మధ్యకు కోతలు వస్తాయి. నారు ఒక నెల ఆలస్యమైతే కోతలు డిసెంబరు మధ్యకు జరుగుతాయి. అంటే తుఫానుల కాలమంతా పంట పొలంలోనే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినపుడు పనలపై ఉన్న వరి, కోయవలసిన వరి నీట మునిగిన సంగతి విదితమే. నష్టం అంతటితో ఆగదు. వరి కోతకు ముందు చేలో చల్లే మినుము, కోత పిమ్మట దుక్కి లేకుండా వేసే మొక్కజొన్న కూడా వెనుకబడతాయి. ఒక పంట ఆలస్యం రెండు పంటల ఆదాయాన్ని దెబ్బతీస్తుంది.

గోదావరి తోడ్పాటు

గోదావరికి జూలైలోనే వరద వస్తుంది. ధవళేశ్వరం దాటి సముద్రంలో కలిసే ఆ నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా కృష్ణకు మళ్లించేందుకు పట్టిసీమ ఎత్తిపోతల పథకాన్ని 2015లో చేపట్టడం జరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో గోదావరి జలాలు ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలిశాయి. మొత్తం 24 పంపులు పూర్తిగా పనిచేస్తే 8,500 క్యూసెక్కులు, అనగా రోజుకు సుమారు 0.73 టీఎంసీ నీరు చేరుతుంది. ఈ లెక్కన 80 టీఎంసీలు మళ్లించడానికి 109 రోజులు పడుతుంది.

డెల్టా వాడుకోని ప్రతి టీఎంసీ కృష్ణా జలం శ్రీశైలంలో నిలిచే అవకాశం ఉన్నది. పోతిరెడ్డిపాడు రెగ్యులేటరు గడప మట్టం 841 అడుగులు కావడం వలన, శ్రీశైలంలో నీటిమట్టం నిలకడగా ఉండటం రాయలసీమకు అత్యంత కీలకం. కనుక డెల్టా స్వావలంబన సీమ దాహార్తితో నేరుగా ముడిపడిన అంశం.

పరిమితులు

పట్టిసీమ నీటిని నిల్వ చేయదు. వరద తగ్గితే దాని ఉపయోగం తగ్గుతుంది. గోదావరి డెల్టా రబీ సీలేరు విడుదలలపై ఆధారపడుతున్నందున ఆ కాలంలో అక్కడి నీటిని ఆశించడం ఒక డెల్టా కొరతను మరొక డెల్టాకు బదలాయించడమే కాగలదు. పైగా గోదావరి మళ్లింపు జలం మొత్తం అదనపు లాభం కాదు. 80 టీఎంసీల మళ్లింపునకు ప్రతిగా కృష్ణలో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 టీఎంసీలు దక్కుతాయి. మిగిలిన 45 టీఎంసీలపై తెలంగాణ తన హక్కును కోరుతున్నది.

రబీకి, వేసవి మంచినీటి చెరువులకు ఆధారం పులిచింతల. 45.77 టీఎంసీల సామర్థ్యంతో 2013లో ప్రారంభమైన ఈ జలాశయం బ్యారేజీకి సుమారు 85 కిలోమీటర్ల ఎగువన ఉన్నది. 2021 ఆగస్టులో ఒక గేటు కొట్టుకుపోయినపుడు మరమ్మతుల నిమిత్తం నిల్వ నీటిని దిగువకు వదలవలసి వచ్చింది. చేరువలో నిల్వ ఉండటం ఎంత అవసరమో, గేట్ల నిర్వహణ అంతే అవసరమని ఈ ఘటన తెలియజేస్తున్నది.

చివరి ఎకరమే గీటురాయి

బ్యారేజీ వద్ద నీరు సమృద్ధిగా ఉన్నా బందరు కాలువ, కొమ్మమూరు కాలువ చివరి భూములకు అందకపోతే ప్రయోజనం స్వల్పం. తీరప్రాంతంలో భూగర్భజలం ఉప్పగా ఉన్నచోట బోరు ప్రత్యామ్నాయం కాదు; కాలువే సాగునీరు, కాలువే తాగునీరు. 1997 చట్టం ద్వారా ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల భాగస్వామ్యంతో పూడికతీత, వంతుల వారీ విడుదల, మురుగు కాలువల నీటి పునర్వినియోగం, నారుమడి అవసరం లేని వెదజల్లు సాగు ముమ్మరం కావాలి.

ఈ నేపథ్యంలో ప్రతి సీజనుకు విడుదలైన టీఎంసీలతో పాటు మూడు వివరాలను నమోదు చేయడం సముచితం: నారుమళ్లకు నీరు వదలిన తేదీ, చివరి భూములకు నీరు చేరిన తేదీ, డిసెంబరు ఆఖరుకు పులిచింతలలో మిగిలిన నిల్వ. అధికారులు వీటిని మండలాల వారీగా వెల్లడించి, పాత్రికేయులు వాటిని క్షేత్రస్థాయిలో సరిచూసినపుడు, కృష్ణపై డెల్టా ఆధారం నిజంగా ఎంత తగ్గినదీ ప్రజలకు స్పష్టమవుతుంది.