పొట్లం వెనక ఉన్నదెవరు?

ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి దాటితే ఎటు చూసినా వరి చేలే. ఆ చేల మధ్య బతికే జనమే కాకినాడో రాజమండ్రో వెళ్లినప్పుడు సూపర్ మార్కెట్లో ఆర్గానిక్ బియ్యం, ఆర్గానిక్ కందిపప్పు కొనుక్కొస్తున్నారు. పిల్లల ఒంట్లోకి పురుగుమందులు పోకూడదన్న ఆలోచనతో కిలోకు ఎక్కువైనా సరే పెడుతున్నారు. అంత నమ్మి కొన్న పొట్లం మీద పండించిన రైతు పేరు గానీ, కనీసం పండిన ఊరి పేరు గానీ చాలాసార్లు కనపడదు.

పొట్లం ముందువైపు దుకాణం పేరు పెద్దగా ఉంటుంది. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో రెండు చిరునామాలు: అమ్ముతున్నది ఒకరు, ప్యాక్ చేసింది ఇంకొకరు. కిందనే 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు. ఒకే మిల్లు రెండు మూడు దుకాణాలకు వాళ్ల వాళ్ల సంచుల్లో పప్పు నింపి పంపడం ఈ వ్యాపారంలో మామూలే. దుకాణం పేరు మారినంత మాత్రాన పప్పు మారిందని అనుకోనక్కర్లేదు.

ఇక ఆ పేర్ల వెనక యజమానులు. బిగ్‌బాస్కెట్ సొంత పేరు బీబీ రాయల్‌తో ఆర్గానిక్ పప్పులు వస్తాయి. 2021లో ఆ కంపెనీలో ఎక్కువ వాటా టాటాల చేతికి వచ్చింది. తులసి టీతో పేరు తెచ్చుకున్న ఆర్గానిక్ ఇండియాను కొంటున్నట్టు 2024 జనవరిలో ప్రకటించింది కూడా టాటాలే, సుమారు 1,900 కోట్ల లెక్కన. తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి కథ 24 మంత్రది. 2004లో హైదరాబాదులో సీలం రాజశేఖరరెడ్డి పెట్టిన శ్రేష్ఠ నేచురల్ బయోప్రొడక్ట్స్ కంపెనీ బ్రాండు అది. దాన్ని 472.50 కోట్ల వరకు పెట్టి పూర్తిగా తీసుకుంటున్నట్టు 2025 ఏప్రిల్‌లో ఐటీసీ ప్రకటించింది. పెద్ద కంపెనీ కొన్నంత మాత్రాన సరుకు చెడిపోదు. కానీ చిన్న కంపెనీ అనీ, మనూరి కంపెనీ అనీ నమ్మి కొనేవాళ్లకు యజమాని మారిన సంగతి తెలియాలి కదా.

అమెరికాలో ఇది ముందే జరిగింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు ఫిలిప్ హోవర్డ్ ఏ ఆర్గానిక్ బ్రాండు ఏ పెద్ద కంపెనీ కిందకి పోయిందో పటం గీసి చూపిస్తూ వచ్చాడు. అక్కడ దుకాణాల సొంత పేర్లతో అమ్మే ఆర్గానిక్ పాలు పోసే ఆరోరా డెయిరీకి, ఆర్గానిక్ నిబంధనలు పాటించడం లేదని, 2007లో ఆ దేశ వ్యవసాయ శాఖ నోటీసు ఇచ్చింది. తీరా ఆ డెయిరీ పద్ధతులు మార్చుకుంటానని ఒప్పుకోవాల్సి వచ్చింది. పాల డబ్బా మీద మాత్రం దుకాణం పేరే ఉండేది.

మన దగ్గర ఆర్గానిక్ అంటే ఏమిటో 2017లో వచ్చిన ఆహార భద్రతా సంస్థ నిబంధనలు చెబుతున్నాయి. రసాయన ఎరువులు, పురుగుమందులు, జన్యుమార్పిడి విత్తనాలు వాడకూడదు. ధ్రువీకరణకు రెండు దారులున్నాయి. ఒకటి ఎగుమతుల కోసం మొదలైన ఎన్‌పీఓపీ, ఇందులో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. రెండోది పీజీఎస్, ఇందులో కనీసం అయిదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి చేను ఒకరు చూసుకుంటారు. ఈ రెంటిలో ఏది ఉన్నా పొట్లం మీద జైవిక్ భారత్ గుర్తు వేసుకోవచ్చు. అసలు మందే ఉండదన్న హామీ మాత్రం ఇందులో లేదు. గాలివాటున, నీటివాటున చేరే మందు మామూలు పంటకున్న పరిమితిలో 5 శాతం లోపు, లేదా పరీక్షకు అందే కనీస మోతాదు లోపు ఉంటే చెల్లుతుంది.

ఆ నీటి దగ్గరే డెల్టా రైతుకు చిక్కు. ధవళేశ్వరం నుంచి కాలువ, కాలువ నుంచి బోదె, బోదె నుంచి పై చేను, పై చేలోంచి కింది చేను. సుడిదోమ పడిందని పై రైతు మందు కొట్టినా, పురుగు పడిందని గుళికలు చల్లినా ఆ నీరే గండి దాటి కింది మడిలోకి దిగుతుంది. కింది రైతు పది కిలోల పేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను 200 లీటర్ల నీళ్లలో కలిపి, రోజూ తిప్పి జీవామృతం పోసుకుంటాడు. తన వైపు నుంచి ఏ లోటూ చేయడు. అయినా ధ్రువీకరణ కావాలంటే చుట్టూ ఖాళీ పట్టీ వదలాలి, వరికి రెండేళ్లు, కొబ్బరికి మూడేళ్లు ఆగాలి. ఎకరమో రెండెకరాలో కౌలుకు చేసేవాడు పట్టీ ఎక్కడ వదులుతాడు? వచ్చే సార్వాకు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో!

ఇలా జీవామృతంతో చేసే సేద్యాన్నే ప్రకృతి వ్యవసాయం అంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ఈ ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. గర్వపడాల్సిన సంగతే. అయితే ప్రకృతి వ్యవసాయంలో పండినంత మాత్రాన చట్టం దృష్టిలో అది ఆర్గానిక్ కాదు. చిన్న రైతు తన ఇంటి దగ్గర నేరుగా అమ్ముకుంటే నిబంధనలు అడ్డు చెప్పవు. సూపర్ మార్కెట్ అరలోకి ఎక్కాలంటే మాత్రం కాగితం ఉండి తీరాలి. ఇలా చేలో కష్టం ఒకరిదైతే, ఆర్గానిక్ అన్న మాటకు వచ్చే ధర కాగితం తెచ్చుకోగలిగినవాళ్లది అవుతోంది.

పోనీ కాగితమైనా గట్టిదా అంటే, 2021 జనవరిలో అమెరికా మన ఎన్‌పీఓపీ తనిఖీ వ్యవస్థతో ఉన్న గుర్తింపు ఒప్పందాన్నే రద్దు చేసుకుంది. పైగా వందలమంది రైతుల్ని ఒకే ధ్రువీకరణ కింద చూపే పద్ధతిలో ఎవరు నిజంగా పండిస్తున్నారో బయటి తనిఖీదారుకు తెలియడం కష్టం.

ఎగుమతి సరుకు ఏ రైతు బృందం నుంచి వచ్చిందో చెప్పే ట్రేస్‌నెట్ వ్యవస్థ కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా దగ్గర ఏళ్లుగా ఉంది. విదేశీయుడికి ఇచ్చే ఆ వివరం కాకినాడలో కొనే మనిషికి ఎందుకు ఇవ్వరు? దుకాణం తన పేరుతో ఆర్గానిక్ సరుకు అమ్మదలిస్తే పండించిన బృందం పేరు, మండలం, ధ్రువీకరించిన సంస్థ పేరు పొట్లం ముందువైపే, దుకాణం పేరంత అక్షరాల్లో అచ్చువేయాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన తేవాలి. దాంతోపాటు ఒక బోదె కింద ఉన్న రైతులందర్నీ ఒకే పీజీఎస్ జట్టుగా కట్టే పని వ్యవసాయ శాఖ దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవిలో మొదలుపెట్టవచ్చు. అప్పుడు పై చేను, కింది చేను కలిసే మందు మానేస్తాయి.