ముందు నిదానం, పిదప మరమ్మతు

రోగ నిదానం చేయక ఔషధమివ్వడం వైద్యధర్మం కాదని పెద్దలు ఏనాడో చెప్పారు. యంత్రాలకూ ఈ ధర్మమే వర్తిస్తుందని నా దృఢ విశ్వాసం.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారునే ఉదాహరణగా తీసుకుందాం. ఇంజను 1798 సి.సి.; బ్రిటన్‌లో విక్రయించిన కార్లకు రెండు ఎస్.యు. కార్బురేటర్లు. దీని యజమానులను నేటికీ వేధించే బాధలు రెండు: ఇంజను అమితంగా వేడెక్కడం, బరువు పడినప్పుడు తడబడడం. వెంటనే కొందరు కార్బురేటరును విప్పుతారు. మరికొందరు థర్మోస్టాటునే తీసి పారవేస్తారు. ఇది ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. థర్మోస్టాటు లేని ఇంజను చలివేళ తగిన వేడిని అందుకోలేక పెట్రోలును వృథా చేస్తుంది, త్వరగా అరుగుతుంది. రేడియేటరులోని పూడిక మాత్రం అలాగే ఉంటుంది.

కావున పరీక్షకు ఒక క్రమం ఉండాలి. మొదట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీటి మట్టం, రేడియేటరు మూత, ఫ్యాను బెల్టు చూడాలి. పిదప ఇగ్నిషన్. నిప్పురవ్వ ఆలస్యంగా పడితే ఇంధనపు వేడి పనిగా మారక నీటిలోనికి చేరుతుంది. అటుపిమ్మటనే కార్బురేటరు. వేడెక్కిన ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఎస్.యు. పిస్టనును ఒక మిల్లీమీటరుకు మించకుండా ఎత్తి చూడాలి. వేగం పెరిగి అట్లే నిలిస్తే పెట్రోలు పాలు ఎక్కువ. ఇంజను ఆగబోతే తక్కువ. క్షణకాలం పెరిగి సర్దుకుంటే సమం. ఇంతటి సులభ పరీక్షను విడిచి కొత్త భాగాలకై పరుగెత్తడం వివేకమా?

పెట్రోలు పాలు తగ్గితే తడబాటుతోపాటు వేడీ పెరుగుతుంది. అనగా రెండు బాధలకు మూలం ఒక్కటే కావచ్చు. 2021లో బ్రిటన్‌లో 10 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందున మిశ్రమం కొంత పలుచనవుతుంది. పాత రబ్బరు గొట్టాలూ చెడతాయి. నిన్నటి సర్దుబాటు నేటికి చాలకపోవచ్చు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే, కారు బాగుపడినా లోపమెక్కడిదో తెలియదు. తెలియని లోపం మళ్ళీ వస్తుంది. అప్పటికి సిలిండరు హెడ్డే వంకరపోవచ్చు.

విద్యార్థి మిత్రులారా! నేటి కార్లలో కంప్యూటరు లోపం జాడ చెబుతుంది. పాత కారు చెప్పదు. మనమే ప్రశ్నించి రాబట్టాలి. ఆ ప్రశ్నించే అలవాటును కోల్పోతే మనకు మిగిలేది పనిముట్లే గాని పనితనం కాదు.