క్యాన్సర్ పటంలో ఖాళీలు ఎవరివి?

ఆరోగ్య గణాంకాలను పటాల రూపంలో చూపించడం ఇప్పుడు బాగా పెరిగింది. కంప్యూటర్ తెర మీద ఒక ప్రాంతాన్ని నొక్కితే చాలు, అక్కడ ఏ క్యాన్సర్ ఎంత వుందో అంకెలు వచ్చేస్తాయి. పేజీలకొద్దీ పట్టికలు చెప్పలేని విషయం పటం ఒక్క చూపులో చెబుతుంది. కాబట్టి స్త్రీల సంఘాలు వీటిని శిక్షణ శిబిరాల్లోనూ, అధికారులకిచ్చే వినతిపత్రాల్లోనూ వాడుకోవడం మంచిదే. అయితే వాడేముందు ఒక ప్రశ్న అడగాలి. ఇందులో ఎవరు లెక్కకొచ్చారు, ఎవరు రాలేదు?

మన దేశంలో ఈ అంకెలకు ముఖ్య ఆధారం క్యాన్సర్ రిజిస్ట్రీలు. భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ కార్యక్రమంగా వీటిని మొదలుపెట్టింది. ఒక ప్రాంతంలో నివసించేవాళ్లలో కొత్తగా క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరి వివరాలూ సేకరించడం జనాభా రిజిస్ట్రీల పని. 2012-16 కాలానికి ఇలాంటి 28 రిజిస్ట్రీల లెక్కలతో 2020లో ఒక నివేదిక వచ్చింది. అవన్నీ కలిపినా దేశ జనాభాలో సుమారు పదోవంతే. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి అందులో వున్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. వయసు తేడాలను సరిచేసి చూస్తే అక్కడ రొమ్ము క్యాన్సర్ ఏడాదికి లక్షమంది స్త్రీలలో 48 మందికి. ఆ 28 చోట్లలో అదే అత్యధికం.

ఈ లెక్కలతో పటం గీస్తే హైదరాబాద్ ముదురు రంగులో, శ్రీకాకుళం, ఆదిలాబాద్ తెల్లగా కనిపిస్తాయి. తెలుపంటే జబ్బు లేదని కాదు, లెక్క లేదని. రొమ్ము క్యాన్సర్ పట్నాల్లో ఎక్కువన్నది నిజమే. కానీ పల్లె స్త్రీకి వచ్చిన క్యాన్సర్ నమోదే కాకపోతే ఆమెకోసం డబ్బు, డాక్టర్లు కేటాయించాలని ఎవరికి తోస్తుంది?

శ్రీకాకుళం సంగతే చూద్దాం. ఉత్తర కోస్తా పల్లెల్లో స్త్రీలు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం మనకు కొత్త విషయం కాదు. దీనికీ అంగిలి క్యాన్సర్‌కీ సంబంధం వుందని 1960లు, 70లలోనే ఆ ప్రాంతంలో పనిచేసిన పరిశోధకులు రాశారు. మామూలు పట్టికల్లో మాత్రం అంగిలి కూడా ‘నోరు’ అనే ఒక్క పేరు కింద కలిసిపోతుంది. పొగాకు నమిలే స్త్రీ, అడ్డపొగ తాగే స్త్రీ పటం మీద ఒకే రంగు. మనం నొక్కి అడగగలిగే ప్రశ్నలు ముందే ఎవరో నిర్ణయించినవి: వయసు, స్త్రీయా పురుషుడా, ఏ అవయవం, ఏ సంవత్సరం. ఆమె కులం, కూలి, చేసే పని, ఆస్పత్రికెంత దూరం అన్నవి ఆ జాబితాల్లో సాధారణంగా వుండవు.

లెక్కించే పద్ధతి మారితే ఏమవుతుందో మహారాష్ట్రలోని బార్షీ చూపించింది. దేశంలో తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ 1987లో అక్కడ మొదలైంది. రోగులు ఆస్పత్రికొస్తే రాసుకుందామని కూర్చోకుండా సిబ్బంది ఊరూరా తిరిగారు. లక్షణాలు వివరించారు, అనుమానం వున్నవాళ్లను పరీక్షలకు పంపారు. కొన్నేళ్లలోనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశల్లో బయటపడటం పెరిగింది.

పటాలు స్త్రీలే గీసిన సందర్భమూ వుంది. న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో 1990ల మొదట్లో స్త్రీలు తమ వీధుల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇళ్లను తామే గుర్తించుకుంటూ పోయారు. వాళ్ల ఒత్తిడి వల్ల 1993లో అమెరికా కాంగ్రెస్ అక్కడి పర్యావరణ కారణాలపై అధ్యయనాన్ని తప్పనిసరి చేసింది. 2002లో వచ్చిన ఫలితాల్లో డీడీటీ వంటి రసాయనాలతో సంబంధం కనబడలేదు. పటం ప్రశ్నను లేవనెత్తగలదు, అంతమాత్రాన కారణం రుజువైపోదు. ఇది మనమూ గుర్తుంచుకోవాలి.

ఇంకొక జాగ్రత్త. చిన్న ఊళ్లో ఒక చుక్క పెడితే అది ఎవరి ఇల్లో అందరికీ తెలిసిపోతుంది. జబ్బు సంగతి బయటపడితే భర్త వదిలేస్తాడనీ, కూతురికి సంబంధాలు రావనీ భయపడే స్త్రీకి ఆ చుక్క మరో శిక్ష. వివరాలు ఆమెవి. వాటిని ఎంతవరకు చూపించాలో ఆమె ఒప్పుకోలు మీద ఆధారపడాలి.

కాబట్టి పటాలు వద్దనడం కాదు, మన షరతులు పెట్టాలి. లెక్క లేని జిల్లాలను విడి గుర్తుతో చూపించి, లెక్క లేదని రాయాలి. జబ్బు ఏ దశలో బయటపడిందో, వైద్యం పూర్తయిందో లేదో, మధ్యలో ఎందుకు ఆగిందో కూడా అందులో చేర్చాలి. చిన్న ఊళ్ల అంకెలను మండలం, జిల్లా స్థాయిలో కలిపి ఇవ్వాలి. పల్లెలకూ గిరిజన ప్రాంతాలకూ బార్షీ తరహాలో ఇంటింటికీ వెళ్లే రిజిస్ట్రీలు కావాలి. ఆ పని ఆశా కార్యకర్తల నెత్తిన వేస్తే దానికి వేరే వేతనం ఇవ్వాలి. ఈసారి జిల్లా అధికారులు పటం చూపించినప్పుడు, ముందుగా తెల్లగా వున్న చోటు మీద వేలు పెట్టి అడుగుదాం.