నన్ను ‘పలక’ అని పిలిచిన ఏడాది



నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది కొనకనమిట్ల మండలంలో ఒక పల్లె. ఏ పని ఉన్నా ఇటు పొదిలికో, అటు మార్కాపురానికో వెళ్ళాల్సిందే. మా నాన్న పొగాకు, కంది వేస్తాడు. పొదిలి వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముడుపోతేనే నా ఫీజు మొదటి వాయిదా కడతారు. అందుకే నా చదువు ఖరీదు నాకు బాగా తెలుసు. ఇది ముందే చెబుతున్నాను. తర్వాత నేను రాసేది చదివి ‘ఈ అమ్మాయికి డబ్బు విలువ తెలియదు’ అనుకోకూడదని.

ఈ పేజీలో మీరు మామూలుగా ర్యాంకుల గురించి, ఒలింపియాడ్ ఫలితాల గురించి చదువుతారు. మా తెలుగు మేడం నన్ను ‘నువ్వు చదివిన నవలల గురించి రాయి’ అన్నారు. రాయడం మొదలుపెట్టాక అది నవలల దగ్గర ఆగలేదు.

నేను ఏడో తరగతిలో హాస్టల్లో చేరాను. మొదటి నెలలోనే సోషల్ క్లాసులో ఖనిజాల పాఠం వచ్చింది. పలకలకు పేరుపడిన ఊరు మార్కాపురం అని సార్ చెప్పి, ‘ఆ వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగారు. నేను గబుక్కున లేచి నిలబడ్డాను. మా అవ్వ అక్షరాలు దిద్దింది ఆ పలక మీదే. మా ఊరి పేరు పుస్తకంలో రాకపోయినా మా పక్క ఊరి పేరు వచ్చిందని నాకు గర్వం. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక గొంతు వినిపించింది: ‘అందుకే సార్, దీని పళ్ళు కూడా పలకలాగే ఉన్నాయి.’ క్లాసంతా నవ్వింది. సార్ ‘సైలెన్స్’ అని పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రానికి నా పేరు పలక అయింది.

నా పై పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. మా ఊళ్ళో నా వయసు వాళ్ళలో చాలామందికి ఉన్నాయి. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమీ అనరు, అందరివీ అలాగే ఉంటాయి కాబట్టి. హాస్టలుకు వచ్చేదాకా అది ఒక లోపమని నాకు తెలియనే తెలియదు.

రెండేళ్ళు నేను ఉప్పుతో తోమాను, బొగ్గుపొడితో తోమాను. చిగుళ్ళు రక్తం కారాయి కానీ మచ్చలు పోలేదు. పోవని తర్వాత తెలిసింది. పళ్ళ ఎనామిల్ పొర చిగుళ్ళ లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఆ పొర సరిగా గట్టిపడదు. పన్ను బయటికి వచ్చేటప్పుడే మచ్చతో వస్తుంది. తోమకపోవడం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మా వైపు ఎన్నో ఊళ్ళ బోరునీళ్ళు ఈ హద్దు దాటినవే. మా అమ్మ పాపం నీళ్ళు కాచి చల్లార్చి ఇచ్చేది. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇది మా అమ్మకు నేను ఇంకా చెప్పలేదు. ఈ పేజీలో చదువుకుంటే బాధపడుతుందేమో. నీ తప్పు కాదమ్మా, ఎవరూ చెప్పలేదు.

కృష్ణా నీళ్ళు మా వైపు తేవడానికే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు పెట్టారు. 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు దాని లక్ష్యం. శంకుస్థాపన 1996లో జరిగింది. అప్పటికి మా అమ్మ చిన్నపిల్ల. మా అమ్మ పళ్ళ మీద కూడా మచ్చలున్నాయి.

నన్ను ఏడిపించింది పళ్ళ కోసమే కాదు. ఆదివారం ఫోన్లో నేను ‘నాయనా’ అన్నాను. మేము ఇంట్లో అలాగే పిలుస్తాం. వెనక క్యూలో ఉన్న వాళ్ళు వారం రోజులు ‘నాయనా, నాయనా’ అని నా వెంటపడ్డారు. ‘యాడికి’ అంటే నవ్వు, ‘ఏంది’ అంటే నవ్వు. రెండో నెల నుంచి నేను ఫోన్లో ‘డాడీ’ అనడం మొదలుపెట్టాను. మా నాన్న అది విని మురిసిపోయాడు, ఇంగ్లీషు బాగా వస్తోందని.

ఇంట్లో చెప్పలేదా అని మీరు అడగవచ్చు. చెప్పాను. మా అమ్మ ‘పట్టించుకోకు, చదువు మీద ధ్యాస పెట్టు’ అంది. ఆ దసరా సెలవుల్లో మా పిన్ని పెళ్ళయింది. ఫొటో తీసేటప్పుడు మా అమ్మ నా చెవిలో ‘నోరు మూసి నవ్వు’ అంది. ప్రేమతోనే అంది, ఫొటోలో నేను బాగుండాలని. కానీ వెనక బెంచీ చెప్పిందీ మా అమ్మ చెప్పిందీ ఒకటేనని ఆరోజు నాకు అనిపించింది.

ఇంతవరకు చెప్పింది సులువైన భాగం.

ఎనిమిదో తరగతిలో మా సెక్షన్లోకి కొత్తమ్మాయి వచ్చింది. తనకు మాట తడబడుతుంది. ‘ప’తో మొదలయ్యే మాటల దగ్గర మరీ ఎక్కువ. ‘ప్రెజెంట్ మేడం’ అనడానికి తను పడే అవస్థను డార్మిటరీలో అందరూ అనుకరించేవాళ్ళు. ఒక రాత్రి నేనూ చేశాను. అందరికంటే బాగా చేశాను. పడీపడీ నవ్వారు. ఆ రాత్రి నన్నెవరూ పలక అనలేదు. మరుసటి రోజు కూడా అనలేదు. దాంతో నేను మళ్ళీ చేశాను. రెండు వారాలు చేశాను. తన మంచం నా మంచానికి మూడు మంచాల అవతల. తనకు వినిపిస్తుందని నాకు తెలుసు.

అప్పుడే ‘వండర్’ నా చేతికి వచ్చింది. పదో తరగతి అక్క ఒకరు వెళ్ళిపోతూ ట్రంకు పెట్టె ఖాళీ చేసి ఇచ్చిన పుస్తకాల్లో అదొకటి. ఆర్.జె. పలాసియో రాసిన ఇంగ్లీషు నవల, 2012లో వచ్చింది. ఆగీ అనే పదేళ్ళ పిల్లవాడికి పుట్టుకతోనే ముఖం మామూలుగా ఉండదు. ఎన్నో ఆపరేషన్లు అవుతాయి. ఇంట్లోనే చదువుకున్న వాడు అయిదో తరగతిలో మొదటిసారి బడికి వెళతాడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఫిజిక్స్ మెటీరియల్ మధ్యలో పెట్టుకుని చదివాను.

మొదట్లో నేనే ఆగీని అనుకుంటూ చదివాను. సగం కూడా కాకముందే ఒక చోట ఆగిపోయాను. పిల్లలంతా ముసుగులు వేసుకుని బడికి వచ్చే పండుగ రోజు అది. ఆగీ వేసుకుంటానన్న వేషం కాక వేరే వేషంలో వస్తాడు కాబట్టి వాడిని ఎవరూ గుర్తుపట్టరు. వాడి ప్రాణస్నేహితుడు జాక్ మిగతా పిల్లలతో కలిసి వాడి ముఖం గురించి హీనంగా మాట్లాడుతుంటాడు. ముసుగు లోపల నిలబడి ఆగీ అంతా వింటాడు. జాక్ చెడ్డవాడు కాదు. వాళ్ళ మధ్య తనకు చోటు కావాలి, అంతే. నేను పుస్తకం మూసేశాను. అందులో నేను ఆగీని కాదు.

నన్ను ఎవరూ తిట్టలేదు, ఏ మేడమూ నీతి చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో. మా స్కూల్లో గోడ మీద ‘బీ కైండ్’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది, రోజూ దాని కిందే లైను కట్టి భోజనానికి వెళ్తాం. అది నన్నేమీ చేయలేదు. ఒక కథలో నా పని మరొకరు చేస్తుంటే చూడాల్సి వచ్చింది. నవలలు ఎందుకని అడిగేవాళ్ళకు నా దగ్గరున్న జవాబు ఇదొక్కటే. మార్కులు పెరుగుతాయా అంటే, ఇంగ్లీషులో కొంచెం పెరిగాయి. లెక్కల్లో పెరగలేదు.

నేను ఆ అమ్మాయికి ఒక కాగితం మీద సారీ రాసి ఇచ్చాను. తను చదివి, మడిచి, ‘సరే’ అని వెళ్ళిపోయింది. సినిమాలో లాగా వాటేసుకోవడం ఏమీ జరగలేదు. ఇప్పటికీ మేం స్నేహితులం కాదు. కానీ ఆ అనుకరణ మా డార్మిటరీలో ఆగింది. ఇద్దరు ముగ్గురు మళ్ళీ నన్ను పలక అన్నారు. అననీ అనుకున్నాను.

‘వండర్’ పూర్తయ్యేలోగా స్టడీ అవర్లో దొరికిపోయాను. పుస్తకం తీసుకుని ఇంటికి ఫోన్ చేశారు. మా అమ్మ ‘నవలలు చదవడానికా ఇంత ఫీజు కట్టేది?’ అంది. ఆమె ప్రశ్న న్యాయమైనదే. స్టడీ అవర్లో చదవడం నా తప్పే. కానీ మా టైంటేబుల్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా కథ చదువుకోవడానికి ఒక్క అరగంట కూడా లేదు. దొంగతనంగా తప్ప చదివే దారి లేనప్పుడు దొంగతనంగానే చదువుతాం. స్కూలు పెద్దలు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి, వారానికి ఒక్క లైబ్రరీ పీరియడ్ ఇప్పించమని అడుగుతున్నాను. బీరువాకు తాళం లేకుండా.

నా అదృష్టం, వేసవి సెలవుల్లో మా మామ నాకు ‘రైలుబడి’ ఇచ్చాడు. జపాన్‌కు చెందిన తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం. ఇది నవల కాదు, జరిగినదే. పాత రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. ఆ బడిలో తకహాషి అనే అబ్బాయి పెరగడు, కాళ్ళూ చేతులూ పొట్టి. ఆటల రోజు అన్ని పందేల్లోనూ వాడే గెలుస్తాడు. పొట్టిగా ఉన్నవాళ్ళకు అనుకూలంగా ఉండేలా హెడ్మాస్టరే ఆ పందేలు తయారుచేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పడు, జాలిపడుతూ ఉపన్యాసం ఇవ్వడు. నాకు ఆ చెప్పకపోవడం చాలా నచ్చింది.

మామ నన్ను వేటపాలెం సారస్వత నికేతనానికి కూడా తీసుకెళ్ళాడు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఒక పల్లెటూరిలో అన్ని పుస్తకాలా అని నోరు తెరిచాను. పళ్ళు కనిపిస్తాయని కూడా గుర్తురాలేదు.

నా కల గురించి కూడా చెప్పాలి. నేను పళ్ళ డాక్టరు అవుతాను. ఊరూరా తిరిగి, పళ్ళు రాకముందే పిల్లలు తాగే నీళ్ళు చూసే డాక్టరు. నాన్నకు ఎంబీబీఎస్ కావాలి. ‘అది రాకపోతే అప్పుడు పళ్ళ సంగతి చూద్దాం’ అంటాడు. నాయనా, రెండింటికీ రాసే నీట్ పరీక్ష ఒకటే. ఎంతో కష్టపడి రాస్తాను. కానీ నాది రెండో కోరిక కాదు, మొదటిదే. ఇంకో కల కూడా ఉంది, అందులో మా వాళ్ళు మాట్లాడినట్టే మాట్లాడే మనుషులతో ఒక నవల రాస్తాను. ‘యాడికి పోతన్నావే’ అని మొదలవుతుంది.

ఆదివారం ఫోన్ అయిదు నిమిషాలే. మొదటి మూడు నిమిషాలు మార్కులు అడగండి, వద్దనను. మిగిలిన రెండు నిమిషాల్లో భోజనం దగ్గర పక్కన ఎవరు కూర్చుంటున్నారో అడగండి. ఒంటరిగా ఎవరు తింటున్నారో కూడా అడగండి. మీ పిల్లలు ఏడిపించేవాళ్ళు కావచ్చని ఒక్కసారి అనుకుని అడగండి, ఏడ్చేవాళ్ళే అని కాకుండా. నన్ను ఆ రెండు వారాల్లో ఎవరైనా అలా అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్నే. కానీ ఆ రాత్రి నిద్రపట్టేది కాదు.

పోయిన వారం నాన్నను అలా అడగమని నేనే చెప్పాను. అడిగాడు. ఆ అమ్మాయి ఇప్పుడు కిటికీ పక్క టేబుల్ దగ్గర ఇంకో ఇద్దరితో కలిసి తింటోందని చెప్పాను. ‘మరి నువ్వు?’ అన్నాడు. ఆ టేబుల్ దగ్గర ఇంకో కుర్చీ ఖాళీగానే ఉంది నాయనా, నేను ఇంకా అడగలేదు అన్నాను.