తిరుగుడు చార్మినార్ కాడ, పండుడు ఇంకో కాడ

2025 మే 13న మిస్ వరల్డ్ పోటీకొచ్చిన అమ్మాయిలు చార్మినార్ కాడ బస్సు దిగి లాడ్ బజార్ల గాజులు తొడుక్కున్నరు. చౌమహల్లా ప్యాలెస్‌ల విందు తిని, రాత్రికి మళ్ల హైటెక్ సిటీ దిక్కు పోయిన్రు. నాకు గదే యాదికున్నది.

మామూలు టూరిస్టు సుత అంతే. మెట్లెక్కి, ఫోటో దిగి, ఇరానీ చాయ్ తాగి, జత గాజులు బేరమాడి బస్సెక్కుతడు. పండే కాడ, తినే కాడ ఖర్సు వెట్టే అసలు పైసలు పాతబస్తీ దాటి పోతయి. ఫలక్‌నుమా ఉన్నది గదా అంటరేమో. 2010 నుంచి అది తాజ్ హోటలే, కని ఆ మహల్‌ల ఉండెటోడు మన గల్లీల కిరాయి గది అడుగుతడా?

గాజులు చేసెటోళ్లు బజార్ల గానరారు. ఎన్క గల్లీలల్ల బొగ్గుల కుంపటి ముంగట కూసొని లక్క కరిగిచ్చి, రంగు కలిపి, వేడి మీదనే గుండ్రంగ తిప్పి, ఒక్కో రాయి చేత్తోని అతికిస్తరు. 2024ల హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపొచ్చింది. సంబురమే. కని జీఐ పేరును కాపాడ్తది, కూలి రేటును కాదు. దుకాణం కాడ మనం బేరమాడి తగ్గిచ్చిన పది రూపాయలు ఆఖరికి కుంపటి కాడనే కోత వడుతయి.

ఊర్లల్ల ఉండే మనకు ఈ ముచ్చటెందుకంటే, గా పోటీ బస్సులే తెల్లారి రామప్పకు, మర్నాడు పోచంపల్లికి పోయినయి. రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపొచ్చింది. గదే ఏడు పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి టూరిజం సంస్థ ఉత్తమ పల్లెల్లో ఒకటిగ ఎంచింది. రామప్ప కాడ అందాల పోటీ అమ్మాయిల కాళ్లు కడిగిచ్చిన్రని ఎంత లొల్లయిందో జూసిన్రు. లొల్లి కావాల్సిందే. కని అక్కడికొచ్చే టూరిస్టు ఒక్క రాత్రన్నా పాలంపేటల ఎందుకు ఉండడని ఎవలు అడగలే.

యూరప్‌ల ఆల్ప్స్ కొండలల్ల చలికాలమంటే ఒకప్పుడు పని తక్కువుండే కాలం. మంచు మీద జారే స్కీయింగ్ ఆట పెరిగినంక ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ రైతులు చానమంది సొంతింట్ల గదులు కిరాయికిచ్చిన్రు. కొందరు ఆట నేర్పే పంతుళ్లయిన్రు. మంచు ఊరందరిదే, పైసలు మాత్రం ఇల్లు తెరిచినోనికి వచ్చినయి.

సర్కారు హోటళ్లు కడితే కట్టనీ. పాలంపేట, పోచంపల్లిల ఇంట్ల ఒక గది, మంచి బాత్‌రూం చేసుకునెటోళ్లకు తక్కువ మిత్తికి అప్పియ్యాలె. లాడ్ బజార్ ఎన్క గల్లీలల్ల గూడ టూరిస్టును గంటసేపు కుంపటి కాడ కూసోవెట్టి, తన గాజు తననే చేసుకోనియ్యాలె. గా గంట పైసలు దుకాణం గల్లాకు కాదు, నేర్పిన ఆమె చేతికే పోవాలె.